పడిపోతారేమోనని పెద్దవాళ్లను గడప దాటనివ్వకపోవడం సరైనదేనా?

ప్రశ్న అడిగినవారు:
మా అత్తగారికి 76 ఏళ్లు. మొన్న వేసవిలో పెరట్లో కాలు జారి పడ్డారు. ఎముక విరగలేదు గానీ, ఆ రోజు నుంచి మావారు ఆవిడ గుడికి వెళ్లడం మాన్పించారు. ఇప్పుడు ఆవిడ మంచం దిగడానికి కూడా ఇష్టపడటం లేదు, రెండు ముద్దలు తిని చాలంటున్నారు. వయసు మీదపడిందని ఇంట్లో అందరూ అంటున్నారు, నాకు మాత్రం అది దిగులనిపిస్తోంది.

విజయనగరం నుంచి ఒకరు:
మీవారు చేసిన దాంట్లో తప్పేమీ లేదు. తుంటి ఎముక విరిగి మా నాన్నగారు మళ్లీ లేచి నడవనే లేదు. అదీగాక, నీరసాన్ని దిగులని తేల్చేసే ముందు థైరాయిడ్, బి12, రక్తహీనత పరీక్షలు చేయించండి.

ఫిజియోథెరపిస్టు, హనుమకొండ:
పరీక్షలు తప్పక చేయించాలి, అందులో వాదన లేదు. అయితే ఇది ఒంటిదా, మనసుదా అని విడదీయడమే నాకు సరిగా తోచడం లేదు. 2001లో అమెరికాకు చెందిన వృద్ధుల వైద్యురాలు లిండా ఫ్రైడ్ బృందం వృద్ధుల దౌర్బల్యాన్ని గుర్తించడానికి అయిదు లక్షణాలు చెప్పింది: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, అలసట, చేతిపట్టు సడలడం, నడక మందగించడం, కదలికలు తగ్గిపోవడం. వీటిలో మూడు కనిపిస్తే దౌర్బల్యమనీ, ఒకటి రెండు ఉంటే దానికి ముందు దశ అనీ లెక్క. అందులో అలసటను తెలుసుకోవడానికి వారు వాడిన రెండు ప్రశ్నలు, అంటే ప్రతి పనీ బరువుగా తోచిందా, దేనికీ కదలలేకపోయారా అన్నవి, కుంగుబాటును కొలిచే ప్రశ్నావళి నుంచి తీసుకున్నవే. ఒంటిని కొలిచే కొలతలోనే మనసు కలిసి ఉందన్నమాట.

దిగులుతో తిండి తగ్గితే కండ కరుగుతుంది, కండ కరిగితే తూలుతారు, తూలితే భయం పెరుగుతుంది, ఆ భయంతో మళ్లీ మంచానికే అతుక్కుంటారు. పడకుండా కాపాడాలని కూర్చోబెట్టిన మనిషి పడే అవకాశం ఇలా పెరుగుతుంది. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ బిగించండి, లేచి నిలబడగానే బీపీ పడిపోతోందేమో, నిద్రమాత్రలు వాడుతున్నారేమో చూడండి, ఎవరైనా పక్కన ఉండగా కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజూ చేయించండి. దిగులు గురించి మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

విజయనగరం నుంచి:
కడ్డీ మాట ఒప్పుకుంటాను. కానీ ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తే ఆవిడ వెంట గుడిదాకా నడిచేదెవరు? ఆ ప్రశ్నకు జవాబు లేకుండా సలహా ఇవ్వడం సులువు.

ప్రశ్న అడిగినవారు:
ఈ మాటలు చదివాక నిన్న రాత్రి ఆవిడనే అడిగాను. దేవుడికి ఇంట్లోనే దండం పెట్టుకుంటానే, ఆ మెట్ల మీద కూర్చునే నా ఈడువాళ్లను చూసి ఏడు నెలలైంది అన్నారు. వాళ్లలో ఒకావిడ ఇల్లు మా వీధి చివరే. రేపు సాయంత్రం ఇటు రమ్మని ఆవిడకు కబురు పెట్టాను. మావారు ఇంకా ఒప్పుకోలేదు.