విండోస్ "వేయించాను", లినక్స్ "వేసుకున్నాను". మరి "స్థాపించాను" అనేదెవరు? (ఒక ఆన్‌లైన్ గుంపులో సాగిన సంభాషణ; మాటల ముందున్నవి సభ్యులు పెట్టుకున్న పేర్లు.)

చేతిపుస్తకం:
గుంపులోని పెద్దలకు నమస్కారం. కాలేజీ కంప్యూటర్ ల్యాబుల్లో పనిచేసే కుర్రాళ్ళ కోసం ఇరవై పేజీల చిన్న పుస్తకం రాస్తున్నాను. ఒక డెబియన్ (విండోస్‌కి బదులు వేసుకునే లినక్స్‌లో ఒక రకం) సిస్టంలో కావలసినవన్నీ చేత్తో అమర్చుకుని, అదే అమరికను మిగతా ఇరవై మూడింటిలోకి ఎలా తీసుకెళ్ళాలన్నది విషయం. నెట్ ఉంటే సరే, లేకపోతే పెన్‌డ్రైవే గతి. పని వచ్చు, మాటే దొరకడం లేదు. మొదటి పేజీలోనే రెండు చోట్ల ఆగిపోయాను. ఇన్‌స్టాల్‌కి ఏం రాయాలి? ఒకదానిలో ఉన్నదాన్ని ఇంకోదానిలో అలాగే తయారుచేయడాన్ని ఏమనాలి? కొన్ని తెలుగు తెరల మీద "స్థాపించు", "సంస్థాపన" అని చూశాను. సరే అని "ఈ ప్యాకేజీని స్థాపించండి" అని రాసి (ప్యాకేజీ అంటే లినక్స్‌లో ఒక ప్రోగ్రాము మూట) పైకి చదివితే, మా ల్యాబు కుర్రాడు "కొబ్బరికాయ తేవాలా సార్?" అన్నాడు.

విశ్రాంత మాస్టారు:
వాడు నవ్వితే నవ్వాడు గానీ మాటలో దోషం లేదు బాబూ. సంస్కృతంలో ‘స్థా’ అంటే నిలుచుట. ప్రేరణలో పకారం వచ్చి ‘స్థాపయతి’ అయింది, అంటే నిలబెడుతున్నాడని. దానికి మనం ఇంచుక్కు చేర్చుకుని ‘స్థాపించు’ అన్నాం. ఇంగ్లీషు మాట పుట్టుక ఇంకా తమాషా. మధ్యయుగపు లాటిన్‌లో ‘స్టాల్లుం’ అంటే చర్చిలో మతాధికారికి కేటాయించిన ఆసనం. ఆయన్ని తీసుకెళ్ళి అందులో కూర్చోబెట్టడమే ఇన్‌స్టాల్. వాళ్ళు కూర్చోబెట్టారు, మనం నిలబెట్టాం, అంతే తేడా.

చిక్కంతా వాడుకలో ఉంది. తెలుగులో స్థాపించేవి బడులు, సంఘాలు, రాజ్యాలు. రేపు తీసేద్దామనుకుని ఎవరూ దేన్నీ స్థాపించరు. ‘ప్రతిష్ఠించు’ అయితే మరీను. గుడిలో పీఠం కింద యంత్రం ఉంచి, పైన విగ్రహం నిలిపి, అష్టబంధనంతో బిగిస్తారు. అక్కడ యంత్రం మీద దేవుడు కదలడు. మీ యంత్రంలో దేవుళ్ళు వారానికోసారి మారుతుంటారట కదా.

సిస్టం షాపు:
సార్, నేను దుకాణం పెట్టి పదకొండేండ్లయింది. స్థాపించు అన్నోడు ఒక్కడు గూడ రాలే. "అన్నా, విండోస్ ఎయ్యి", "ఫార్మాట్ కొట్టి మల్ల ఎయ్యి", "గా టైపింగ్‌ది గూడ ఎక్కియ్యి", గింతే. ఇంటికి పొయి "విండోస్ ఏపిచ్చిన" అని చెప్తరు. తీసేసుడుకు "పీకెయ్".

చేతిపుస్తకం:
అన్నా, మీ నాలుగు ముక్కల్లో నాకు కావలసిన వ్యాకరణమంతా ఉంది.

"ఏపిచ్చిన" అంటే వేయించాను. షాపుకి వెళ్ళి, డబ్బిచ్చి, ఇంకొకరి చేత. అదే మా లినక్స్ కుర్రాళ్ళని గమనించండి, ఒక్కడు కూడా "ఉబుంటు వేయించాను" అనడు (ఉబుంటు కూడా ఒక రకం లినక్సే). "ఉబుంటు వేసుకున్నా" అంటాడు. ధాతువు ఒక్కటే, వేయు. ‘ఇంచు’ తగిలితే పని మరొకరిది, ‘కొను’ తగిలితే తన కోసం తానే చేసుకున్నది. సోర్సు (ప్రోగ్రాము మూలపాఠం) తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్‌కీ షాపులో కొట్టించే సాఫ్ట్‌వేర్‌కీ ఉన్న తేడాని మన జనం క్రియ చివర రెండక్షరాల్లో పెట్టేశారు, ఎవరూ చెప్పకుండానే. (హైదరాబాదులో తెలుగు లినక్స్ తెచ్చినవాళ్ళు "స్వేచ్ఛ" అని పేరు పెట్టుకోవడం కూడా అలాంటిదే. ఇంగ్లీషు ‘ఫ్రీ’లో స్వేచ్ఛా ఉచితమూ కలిసిపోయి ముప్పై నలభై ఏళ్ళుగా వివరణలిచ్చుకుంటున్నారు. మనకి ఆ బాధ లేదు.)

‘స్థాపించు’తో ఈ ఆట సాగదు. దానిలో ‘ఇంచు’ ముందే కూర్చుని ఉంది. ఇంకొకరి చేత అనాలంటే "స్థాపింపజేయు" అనాలి. "నిన్న కోఠీకి పోయి విండోస్ స్థాపింపజేశాను" అని ఎవరైనా అంటే, బస్సులో పక్కవాళ్ళు జరిగి కూర్చుంటారు.

పైగా వేసినదాన్ని తీయవచ్చు. తాళం వేస్తాం, తీస్తాం. పందిరి వేస్తాం, తీస్తాం. ‘పీకెయ్’ కూడా నాకు పనికొచ్చింది. డెబియన్‌లో తొలగించడం రెండు రకాలు. రిమూవ్ అంటే ప్రోగ్రాము పోతుంది, దాని సెట్టింగుల ఫైళ్ళు ఈటీసీ అనే ఫోల్డర్లో అలాగే ఉంటాయి. పర్జ్ అంటే అవి కూడా పోతాయి. మొదటిదానికి "తీసేయి", రెండోదానికి "పీకెయ్" అని రాస్తాను. వేళ్ళు మిగిలాయా లేదా అన్నదే కదా తేడా.

రెండో షిఫ్టు:
అంతా బాగానే ఉంది కానీ, చదివేవాడికి తెర మీద కనబడేది "ఇన్‌స్టాల్". మా అమ్మ కూడా ఫోన్లో "ఇన్‌స్టాల్ అవుతోందిరా" అంటుంది. అది తెలుగు మాటైపోయి చాలాకాలమైంది. కొత్తగా ఇంకోటి నేర్పడం దేనికి?

చేతిపుస్తకం:
ఒప్పుకుంటున్నాను, సగం. కమాండు పేరు చెప్పేచోట ఇన్‌స్టాల్ అనే ఉంటుంది. దాన్ని అనువదిస్తే పని చెడుతుంది. దాని చుట్టూ ఉండే వాక్యంలో మాత్రం "వేయండి, వేసుకోండి". నేనేదీ కొత్తగా నేర్పడం లేదండీ, షాపులో ఉన్నమాటని పుస్తకంలోకి తెస్తున్నాను.

మజ్జిగ చల్లన:
రెండో ప్రశ్నని అందరూ వదిలేశారు, అందుకని చెబుతున్నా. నేనూ ల్యాబులోనే పనిచేస్తానండి. ఒకదానిలో ఉన్నది ఇంకోదానిలో తయారుచెయ్యడానికి వంటింట్లో మాట ఉంది, తోడు పెట్టడం. కొన్ని వైపుల చేమిరి అంటారు. గిన్నెడు పాలు తోడుకోవాలంటే గిన్నెడు పెరుగు మోసుకెళ్ళక్కర్లేదు, నిన్నటిది ఒక చెంచాడు చాలు. పాలు ఎవరివి వాళ్ళవే.

డెబియన్‌లో ఆ చెంచాడు ఏమిటంటే, ప్యాకేజీల పేర్ల జాబితా. మొదటి సిస్టంలో డీపీకేజీని (ప్యాకేజీలు వేసే, తీసే పనిముట్టు) "గెట్ సెలెక్షన్స్" అని అడిగితే, వేసి ఉన్న ప్యాకేజీల పేర్లన్నీ వరసగా ఇస్తుంది. ఫైల్లో పెట్టుకుంటే కొన్ని పదుల కిలోబైట్లు, అంతే. రెండో సిస్టంలో "సెట్ సెలెక్షన్స్"కి ఆ ఫైలు తినిపించి, ఆప్ట్-గెట్‌ని (ప్యాకేజీలు తెచ్చి వేసే ఆప్ట్ అనే పనిముట్టు కమాండు) "డీసెలెక్ట్-అప్‌గ్రేడ్" అంటే, కావలసినవన్నీ అదే తెచ్చుకుంటుంది. ఆ పాలు ఆ సిస్టంవే.

చేతిపుస్తకం:
మేడమ్, రెండు రోజులుగా "ప్రతికృతి", "ద్విగుణీకరణ" అంటూ నిఘంటువులు తిరగేస్తున్నాను. మా ఇంట్లో రోజూ రాత్రి తొమ్మిదింటికి జరిగే పని ఇది!

ఇందులో ఇంకో లాభం కూడా చూశాను. ‘తోడు’కి రెండో అర్థం ఉంది కదా, వెంట ఉండేవాడు. డెబ్ ఫైలు (డెబియన్ ప్యాకేజీ ఉండే ఫైలు) ఒక్కటి పెన్‌డ్రైవులో తెచ్చి డీపీకేజీతో చేత్తో వేయబోతే, చాలాసార్లు "నాకు ఫలానా లైబ్రరీ కావాలి, అది లేదు" అని మొండికేస్తుంది. దీన్ని "ఆధారితం", "పరాధీనత" అని రాయాలా అని తల పట్టుకున్నాను. "తోడు ప్యాకేజీ" అంటే సరిపోతుంది. డీపీకేజీ తోడుని వెతకదు, మూట విప్పి, అమర్చకుండా సగంలో ఆపేస్తుంది. ఆప్ట్ అయితే తానే వెళ్ళి పిలుచుకొస్తుంది.

ఆప్ట్ దగ్గర పెళ్ళిపిలుపుల లెక్క కూడా ఉంటుంది. మనం పేరు పెట్టి పిలిచినవి మాన్యువల్, వాటి వెంట వచ్చినవి ఆటో. ఆప్ట్-మార్క్‌ని "షో మాన్యువల్" అని అడిగితే పిలిచిన వాళ్ళ పేర్లే చెబుతుంది. పెళ్ళికొడుకు వెళ్ళిపోయాక తోడపెళ్ళికొడుకు విడిదిలో ఉంటే, "ఆటోరిమూవ్" వచ్చి ఆయన్నీ బండెక్కిస్తుంది. అందుకే తోడు పెట్టడానికి పూర్తి జాబితా కంటే ఈ పిలుపుల జాబితాయే మేలని నా ఉద్దేశం. పిలవాల్సిన వాళ్ళని పిలిస్తే వెంట వచ్చేవాళ్ళు ఎలాగూ వస్తారు. పూర్తి జాబితాలో కొన్ని పేర్ల వెనక "ఏఎండీ64" అని (ప్రాసెసర్ రకం) తోక కూడా ఉంటుంది. దాన్ని అలాగే తీసుకెళ్ళి వేరే రకం ప్రాసెసర్ ఉండే చిన్న కంప్యూటరు రాస్ప్‌బెర్రీ పై మీద పెడితే విరిగిపోతుంది.

సిస్టం షాపు:
గంత కథ ఎందుకు సార్? క్లోన్‌జిల్లా పెట్టి డిస్కుకు డిస్కు దించేస్తే అయిపాయె. అర్ధగంట.

చేతిపుస్తకం:
అన్నా, అది తోడు పెట్టడం కాదు, అచ్చు దించడం. నేనూ దించాను. ఒక కాలేజీలో ఉబుంటు సర్వర్ 18.04 ఒకదాన్ని ముద్దుగా తయారుచేసుకుని ఇరవై నాలుగింటికి అచ్చు దించాను. సాయంత్రం అన్నీ ఒకేసారి ఆన్ చేశాను. ఒకటి నెట్‌కి వస్తే పక్కది పోతుంది, అది వస్తే ఇది పోతుంది. కేబుళ్ళు మార్చాను, స్విచ్చి మార్చాను. రాత్రి పదింటికి తెలిసింది, అన్నిటికీ ఒకటే ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో సిస్టం చిరునామా).

కారణం ఈటీసీలో ఉండే మెషిన్-ఐడీ అనే ఒక్క వరస ఫైలు. నెట్‌వర్క్ కార్డులు వేరువేరైనా, ఆ ఉబుంటు ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వరు దగ్గరికి వెళ్ళి తన గుర్తింపుగా ఆ నంబరు నుంచి పుట్టించినదాన్ని చూపిస్తుంది. ఒకే రేషన్ కార్డు పట్టుకుని ఇరవై నలుగురు వరసలో నిలబడినట్టు. డీలరు ఏం చేస్తాడు, అందరికీ ఒకే సంచి చూపించాడు. ఎస్ఎస్‌హెచ్ తాళాలు (దూరం నుంచి లాగిన్ అయ్యేవాళ్ళకి సిస్టం తన గుర్తింపు చూపించేవి) కూడా అన్నిటికీ ఒక్కటే. ఒకదాని తాళం దొంగిలించినవాడు ఇరవై నాలుగింటిలో దేని వేషమైనా వేయగలడు. తప్పు నాదే. అచ్చు తీసేముందు ఆ ఫైలుని ఖాళీ చేసి ఉంచితే, మొదటిసారి లేచినప్పుడు ఏ సిస్టంకా సిస్టం తన నంబరు తానే పుట్టించుకుంటుంది. ఎస్ఎస్‌హెచ్ తాళాలు తీసేసి మళ్ళీ చేయించాలి.

అచ్చు దించితే పుట్టుమచ్చలు కూడా వస్తాయి. తోడు పెడితే రావు. పుస్తకంలో రెంటినీ రెండు మాటలతోనే రాస్తాను.

విశ్రాంత మాస్టారు:
అచ్చు తీసేముందు తీర్చిదిద్దుకునే ఆ మొదటి సిస్టంని ఏమంటారు మీలో?

రెండో షిఫ్టు:
గోల్డెన్ ఇమేజ్ అంటామండీ.

విశ్రాంత మాస్టారు:
దానికి మనవాళ్ళు శుద్ధప్రతి అన్నారు నాయనా. తాళపత్రాల రోజుల్లో లేఖకుడు ముందు పెట్టుకుని రాసేది మాతృక. రాసింది ప్రతి. బ్రౌన్ దొర కడపలో సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని, ఒక్కో కావ్యానికి ఊళ్ళ నుంచి పలు ప్రతులు తెప్పించి, పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించాడు. చూశావా, ‘రాయించాడు’, ఇక్కడా నీ ‘ఇంచు’ ఉంది. 1829లో ఆయన అచ్చు వేయించిన వేమన పద్యాల వెనక కూడా ఇలాంటి పోల్చిచూడటమే ఉంది.

నీ ఇరవై నాలుగు సిస్టంల కథ వింటే లేఖకులు ప్రతి చివర రాసుకునే శ్లోకం గుర్తొచ్చింది:

యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా
అబద్ధం వా సుబద్ధం వా మమ దోషో న విద్యతే

ఏ పుస్తకం చూశానో అదే రాశాను, తప్పో ఒప్పో నా దోషం లేదు అని. ఒక లేఖకుడు చేసిన తప్పు తర్వాతివాడి చేతిలో పాఠమవుతుంది.

చేతిపుస్తకం:
మాస్టారూ, ఈ శ్లోకం నేను రోజూ చూస్తున్నాను! డెబియన్ టెర్మినల్‌లో లాగిన్ అవగానే కొన్ని వరసలు వస్తాయి. చివర పెద్దక్షరాల్లో, దీనికి ఏ హామీ లేదు, చట్టం ఒప్పుకున్నంత మేరకు అని. నకలు తీసుకోనిచ్చేవాళ్ళంతా ఆ మాట రాసుకోక తప్పదేమో. డిస్కుని నకలు తీసే డీడీ కమాండు అయితే పక్కా లేఖకుడు. డిస్కులో ఉన్న చెత్తని కూడా అక్షరం పొల్లుపోకుండా ఎక్కిస్తుంది.

"శుద్ధప్రతి" తీసుకుంటున్నాను. అడగకుండానే.

మజ్జిగ చల్లన:
ఒక హెచ్చరిక కూడా రాయండి. సోర్సు తెచ్చి కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అనే కమాండ్లు కొట్టి చేత్తో వేసుకున్నవి యూఎస్ఆర్ లోకల్ అనే ఫోల్డర్లో కూర్చుంటాయి. వాటి సంగతి డీపీకేజీకి తెలియదు. అందుకని ఏ జాబితాలోనూ రావు. పెరుగులో మీరు పైన కలుపుకున్న పంచదార లాంటివి అవి, తోడులో రావు. ఏది ఎప్పుడు ఎలా కట్టారో ఒక కాగితం మీద రాసి సిస్టంకి అంటించమనండి. మా ల్యాబులో మూడో నంబరు సిస్టంలో ఒక కంపైలరు ఉంది, నాకంటే ముందు పనిచేసినాయన వేసుకున్నది. అది ఎలా వేశాడో తెలియక, ఆ పాత సిస్టంని తీసెయ్యలేక ఫ్యాను పెట్టి కాపాడుతున్నాం.

చేతిపుస్తకం:
మొదటి పేజీ ఇలా మారింది, చూడండి:

"ముందు ఒక సిస్టంలో డెబియన్ వేసుకోండి. కావలసిన ప్యాకేజీలు పేరు పెట్టి పిలవండి, తోడు ప్యాకేజీలు వాటంతటవే వస్తాయి. అక్కర్లేనివి తీసేయండి, సెట్టింగులతో సహా వద్దనుకుంటే పీకేయండి. ఇది మీ శుద్ధప్రతి. మిగతా సిస్టంలు ఒకే రకమైతే అచ్చు దించవచ్చు, కానీ ముందు మెషిన్-ఐడీ ఖాళీ చేయండి. రకరకాలవైతే జాబితా తీసి తోడు పెట్టండి."

సిస్టం షాపు:
ఇది మా పోరడు గూడ సదువుతడు. పంపియ్యి సార్, ప్రింట్ కొట్టి గోడకు అతికిస్త.

మజ్జిగ చల్లన:
పాలు గోరువెచ్చగా ఉండాలని రాయలేదండి. ఇప్పటి డీపీకేజీకి సెట్ సెలెక్షన్స్ అనేముందు, అందుబాటులో ఉన్న ప్యాకేజీల పట్టిక అందించాలి. ఆప్ట్-కాష్ నుంచి "డంప్ అవైల్" తీసి, డీపీకేజీకి "మెర్జ్ అవైల్" అని ఇస్తే సరి. లేకపోతే "ఈ పేరు నా డేటాబేస్‌లో లేదు" అని వరసగా హెచ్చరికలు పెడుతుంది, ఒక్కటీ వెయ్యదు. పిల్లలు తోడు పులిసిపోయిందనుకుంటారు.

చేతిపుస్తకం:
నిజమే, మరిచాను. "జాబితా తీసి" తర్వాత ఇంకో వాక్యం చేరుస్తున్నాను. ఆ పేరాకి "గోరువెచ్చ" అని పేరు పెడుతున్నాను మేడమ్, కాదనకండి.