ఉబుంటులో క్లోజ్డ్ సాఫ్ట్‌వేర్: అడిగి పెడుతున్నారా, అడక్కుండానా?

గోదావరి_గట్టు: మొన్న మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (విండోస్‌కి బదులు వాడే లినక్స్ సిస్టమ్) వేస్తుంటే, గ్రాఫిక్స్‌కీ వైఫైకీ థర్డ్ పార్టీ (కోడ్ బయటపెట్టని బయటి కంపెనీల) సాఫ్ట్‌వేర్ కావాలా అన్నచోట టిక్ పెట్టాను. "ఓపెన్ సోర్స్ అన్నావు కదన్నా, మరి ఇదేంటి?" అన్నాడు వాడు. ఆ టిక్కుతో నాకు పేచీ లేదు, అడిగారు, సరేనన్నాను. అడక్కుండా పెట్టేవాటితోనే నా గొడవంతా. 2012 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 12.10 వెర్షన్ గుర్తుందా? మన ఫైలేదో వెతుక్కుందామని డాష్‌లో, అంటే ఉబుంటు సెర్చ్ పెట్టెలో, టైప్ చేస్తే ఆ మాటలు ఉబుంటుని తయారుచేసే కంపెనీ కెనానికల్ సర్వర్‌కి వెళ్లి, అమెజాన్ సరుకులు కూడా వచ్చి కూర్చునేవి. ఇష్టం లేకపోతే మనమే వెతికి ఆపుకోవాలి. 2016లో 16.04 వచ్చాక గానీ దాన్ని ముందే ఆఫ్ చేసి ఇవ్వలేదు. ఇప్పుడు స్నాప్ (సాఫ్ట్‌వేర్ దింపుకోవడానికి కెనానికల్ తెచ్చిన ప్యాకేజీ పద్ధతి) కూడా అదే దారి.

కీసర_కెర్నల్: పాత పగ వదిలేయండి బ్రదర్, ఆ అమెజాన్ పోయి చాలా ఏళ్లయింది. 19.10 నుంచి ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్‌ని ఐఎస్‌ఓలోనే, అంటే ఇన్‌స్టాల్ చేసే ఫైల్లోనే, ఇస్తున్నారు. నెట్ సరిగా లేని కాలేజీ ల్యాబుల్లో అదెంత మేలో ఇన్‌స్టాల్ చేసేవాళ్లకి తెలుస్తుంది. ఓపెన్ సోర్స్ మీద అంత పట్టుదల గల డెబియన్ (ఉబుంటుకి మూలమైన లినక్స్) కూడా వెర్షన్ 12లో, అంటే 2023 జూన్‌లో, ఫర్మ్‌వేర్‌ని (హార్డ్‌వేర్ పనిచేయడానికి కావాల్సిన క్లోజ్డ్ కోడ్‌ని) ఇన్‌స్టాలర్‌లోకి తెచ్చేసింది కదా. స్క్రీనే రాకపోతే స్వేచ్ఛతో ఏం చేసుకుంటాం?

గోదావరి_గట్టు: డెబియన్ సంగతి మీరే ఎత్తారు, మంచిదే. వాళ్లు 2022లో డెవలపర్లందరి చేత ఓటు వేయించారు, ఫర్మ్‌వేర్‌కి వేరే విభాగం పెట్టారు, వద్దంటే ఆపుకునే వీలూ ఇచ్చారు. నేను అడుగుతున్నదీ అదే. మరి ఉబుంటు 20.04లో ఏపీటీతో (ప్యాకేజీలు దింపే కమాండ్‌తో) క్రోమియం బ్రౌజర్ వేయమంటే ఏమైంది? ఏపీటీ మామూలుగా దింపే డెబ్ ప్యాకేజీ పేరుకే ఉంది, లోపల ఖాళీ, వెనకనుంచి స్నాప్ దిగింది. మన కంప్యూటర్‌లో స్నాప్‌లని నడిపే స్నాప్‌డీ ఓపెనే, కాదనను, కానీ అది సరుకు తెచ్చుకునే స్టోర్ సర్వర్ కోడ్ మాత్రం మూసే ఉంది, ఆ స్టోర్ నడిపేది కెనానికల్ ఒక్కటే. అదే ఏడాది లినక్స్ మింట్ 20 వాళ్లు అనుమతి లేకుండా స్నాప్‌డీ దిగకుండా ఏపీటీలోనే అడ్డుకట్ట వేశారు. ఉబుంటు మీదే కట్టుకున్న డిస్ట్రో (లినక్స్ రకం) అంత పని చేసిందంటే ఊరికే చేస్తుందా?

నెల్లూరు_నోట్స్: ఇద్దరూ రెండు వేర్వేరు విషయాలు మాట్లాడుతున్నారండీ. డ్రైవర్ హార్డ్‌వేర్ కంపెనీ చేతిలో ఉంది, డిస్ట్రో ఏం చేయగలదు? స్టోర్ అలా కాదు, అది డిస్ట్రో వాళ్లు తామే కట్టుకున్నది. తెరవాలనుకుంటే రేపే తెరవచ్చు.

కీసర_కెర్నల్: ఎన్విడియా మీద నా మాట మారదు. క్రోమియం విషయం ఒప్పుకుంటున్నాను. ప్రతి వెర్షన్‌కీ విడిగా బిల్డ్ చేయడం భారమని వాళ్లు చెప్పిన కారణం నిజమే అయ్యుండొచ్చు, అయినా "ఇది స్నాప్‌గా వస్తుంది, సరేనా?" అని ఒక్క ప్రశ్న వేసి ఆగితే ఏం పోయేది? రేపు ల్యాబ్‌లో పిల్లల చేత "స్నాప్ లిస్ట్" కమాండ్ కొట్టించి, ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపిస్తాను.