వినపడని శబ్దంతో పై గాలుల్ని కొలవడం: పనికొచ్చేదేనా?

గాలివాటం: పై గాలుల్ని కొలిచే వాతావరణ బెలూన్లు 30–35 కిలోమీటర్ల ఎత్తులో పగిలిపోతాయి. తిరుపతి దగ్గర మన గాదంకిలో పై గాలుల్ని కొలిచే ఎం.ఎస్.టి. రాడార్‌కు సుమారు 25 నుంచి 60 కిలోమీటర్ల దాకా ప్రతిధ్వని సరిగ్గా అందదు. ఆ ఖాళీకి ఇన్‌ఫ్రాసౌండే, అంటే చెవికి అందనంత మంద్రమైన శబ్దమే, చవకైన దారి అంటాను. ఫిన్లాండ్ సైన్యం ఏళ్ల తరబడి ఆగస్టు, సెప్టెంబరుల్లో హుక్కకెరో దగ్గర పాత మందుగుండు పేల్చేస్తోంది. ఆ శబ్దం పైకెళ్లి, వంగి, దాదాపు 180 కిలోమీటర్ల అవతల నార్వేలో దిగుతుంది. రావలసిన దిక్కు నుంచి ఎంత పక్కకు జరిగి వచ్చిందో చూస్తే, పైన అడ్డంగా వీచే గాలి లెక్క తేలుతుంది.

రాకెట్‌బాబు: కేరళలోని తుంబా నుంచి రోహిణి-200 వాతావరణ రాకెట్లతో ఆ గాలుల్ని ఎప్పుడో కొలిచారు. కొత్తేముంది?

సుబ్బు_చీమకుర్తి: వినపడనిది శబ్దం ఎలా అవుతుందండీ? ఒత్తిడి అనండి.

గాలివాటం: 20 హెర్ట్జ్ కిందకి దిగితే మన చెవికి అందదు, అంతే. 2022 జనవరి 15న టోంగా అగ్నిపర్వతం పేలితే, హైదరాబాద్‌లో మా ఇంటి బారోమీటర్ గీత రాత్రి ఎనిమిదిన్నరకి ఎగిరి పడింది.

సుబ్బు_చీమకుర్తి: అది లాంబ్ తరంగం సార్. నేలను అంటుకుని వచ్చేది. మీ ఫిన్లాండ్ లెక్కకీ దానికీ సంబంధం లేదు. మళ్లీ అడుగుతున్నా, వినపడనిది శబ్దమా?

పుల్లట్టు: టీ పెట్టుకుని చదువుతున్నా. కానివ్వండి.

గాలివాటం: సరే, టోంగా ఉదాహరణ తప్పే. కానీ మీరు ఒక్క మాట పట్టుకుని వేలాడుతున్నారు. అసలు విషయానికి రండి!

సుబ్బు_చీమకుర్తి: వేలాడతాను. మా ఇంటి వెనక క్వారీ పేల్చినప్పుడల్లా తలుపులు వాటంతటవే ఊగుతాయి, అలమారాలో స్టీలు గ్లాసులు గలగలమంటాయి. కంప్లైంట్ ఇస్తే ఒకాయన మీటరు తెచ్చి, ‘పరిమితిలోనే ఉంది, వినపడనిది శబ్దం కాదు’ అని రాసిచ్చి పోయాడు. యాభై కిలోమీటర్ల పైన గాలికి లెక్క ఉంది, మా అమ్మ నిద్రకి లేదు.

గాలివాటం: ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ. ఆ మీటర్లు సాధారణంగా మన చెవి తీరుకు సరిపెట్టి కొలుస్తాయి. మంద్ర శబ్దాన్ని బాగా తగ్గించి చూపిస్తాయి. నా దగ్గర పీడన సెన్సర్ ఒకటి ఖాళీగా ఉంది, పంపిస్తా. ఎన్నింటికి పేలుస్తారు?

సుబ్బు_చీమకుర్తి: రోజూ ఒంటిగంటన్నరకి. ఆదివారం సెలవు.

రాకెట్‌బాబు: రాకెట్ల సంగతికి ఇంకా జవాబు రాలేదు.