పోలింగ్ రోజు సెలవు, కూలి కాంట్రాక్ట్ వాళ్లకి రావా? ఓటు వేరే రాష్ట్రంలో ఉంటే?

ప్రశ్న – కాంట్రాక్ట్ వర్కర్, పాశమైలారం (2024 ఏప్రిల్ చివరి వారం)

అందరికీ నమస్కారం. పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టర్ కింద పనిచేస్తున్నాను. ఓటు మాత్రం మా ఊళ్లోనే, శ్రీకాకుళం జిల్లాలో. మే 13న అక్కడ అసెంబ్లీకి, లోక్‌సభకి కలిపి పోలింగ్. సెలవు అడిగితే సూపర్‌వైజర్ "సెలవు పర్మినెంటు వాళ్లకే. మీకు నో వర్క్ నో పే. అయినా నీ ఓటు ఇక్కడ లేదు కదా" అన్నాడు. పోయిన నవంబరు 30న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలప్పుడు మా బ్యాచ్‌లో ఇక్కడ ఓటున్న వాళ్లకి సెలవిచ్చి, ఆ రోజు కూలి కోసేశారు. యూనియన్‌లో పర్మినెంటు వాళ్లే సభ్యులు. మేం ఎవరిని పట్టుకోవాలి?

జవాబు – యూనియన్ కార్యదర్శి, పటాన్‌చెరు

తమ్ముడూ, మీ సూపర్‌వైజర్ చెప్పిన రెండు మాటలూ తప్పే.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి అని ఒక సెక్షన్ ఉంది, 1996లో చేర్చారు. వ్యాపారంలోగానీ పరిశ్రమలోగానీ ఇంకే సంస్థలోగానీ పనిచేసే ప్రతి ఓటరుకీ పోలింగ్ రోజు సెలవివ్వాలి, జీతం కోయకూడదు. పర్మినెంటు అన్న మాటే అందులో లేదు. సెలవు రోజుకి మామూలుగా కూలి రాని మనిషికి కూడా, ఆ రోజు పనికొచ్చి ఉంటే ఎంత వచ్చేదో అంతా ఇవ్వాలని విడిగా రాశారు. అది మీలాంటి వాళ్ల కోసం రాసిందే. నవంబరులో మీ వాళ్లకి కోసిన కూలి అన్యాయంగా కోసిందే. దాన్నీ వదలొద్దు.

ఇక ఓటు ఇక్కడ లేదన్న మాట. పని చేసే చోటు ఒక నియోజకవర్గంలో, ఓటు ఇంకో నియోజకవర్గంలో ఉన్నా సెలవూ జీతమూ వర్తిస్తాయని, క్యాజువల్ కార్మికులకూ అంతేనని ఎన్నికల సంఘం స్పష్టంగా చెప్పింది. ఈసారి రెండు రాష్ట్రాల్లోనూ పోలింగ్ మే 13నే కాబట్టి ఆ రోజు గురించి వాదనే అక్కర్లేదు. ప్రయాణం రోజుకి మాత్రం చట్టంలో ఏమీ లేదు. అదృష్టం కొద్దీ 13 సోమవారం, ముందు రోజు ఆదివారం. నీ వీక్లీ ఆఫ్ వేరే రోజైతే ఆదివారానికి మార్చమని ఇప్పుడే అడుగు. శనివారం రాత్రికల్లా బయల్దేరేలా చూసుకో, ఆఖరి నిమిషంలో బస్సులు దొరకవు.

ఇప్పుడు చేయాల్సిన పని. యజమానికి పడే జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలే. వందమంది కూలి మిగుల్చుకునే కాంట్రాక్టర్‌కి అదొక లెక్క కాదు, ఆ మొత్తాన్ని పెంచాల్సిందేనని నా గట్టి అభిప్రాయం. కాబట్టి పోలింగ్ అయ్యాక కొట్లాడేకంటే ముందే కాగితం మీద పెట్టించడం మేలు. ఒక్కడివే వెళ్లకు, బ్యాచ్ అంతా సంతకాలు చేయండి. ఇలా రాయండి:

"మేము ఫలానా కాంట్రాక్టర్ కింద మీ కంపెనీలో పనిచేస్తున్న ఓటర్లము. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 135బి ప్రకారం 13-05-2024న మాకు వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలని, ఆ విషయం నోటీసు బోర్డులో పెట్టాలని కోరుతున్నాము. మా పేర్లు, ఓటరు కార్డు నంబర్లు జతచేశాము."

ఇది కాంట్రాక్టర్‌కి ఒకటి, కంపెనీ హెచ్‌ఆర్‌కి ఒకటి ఇచ్చి, మీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. కంపెనీకి ఎందుకంటే, కాంట్రాక్టర్ వేతనం ఎగ్గొడితే అది చెల్లించాల్సిన బాధ్యత ప్రధాన యజమానిదని, అంటే కంపెనీదని, చట్టంలోనే ఉంది. ఇంకో కాపీ కార్మిక శాఖ ఆఫీసులో, మరొకటి సంగారెడ్డి కలెక్టరేట్‌లో ఇవ్వండి. జిల్లా ఎన్నికల అధికారి కలెక్టరే. ముద్ర వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

మీరు సభ్యులు కాకపోయినా ఆ యూనియన్ వాళ్ల దగ్గరికి వెళ్లండి. మీ కోసం ఒక్క లెటర్‌హెడ్ కాగితం ఇవ్వలేని యూనియన్ ఎందుకు? ఇవ్వకపోతే నాకు చెప్పండి, మా సంఘం తరఫున రాస్తాం.

ప్రశ్న – బాయిలర్ సెక్షన్, బొల్లారం

అన్నా, మా దగ్గర "కెమికల్ ప్లాంటు, ఆపితే ప్రమాదం, చట్టంలో మినహాయింపు ఉంది" అని అందరికీ సెలవు లేదంటున్నారు. నిజమేనా?

జవాబు – యూనియన్ కార్యదర్శి, పటాన్‌చెరు

మినహాయింపు ఉన్నమాట నిజం. కానీ అది ఫ్యాక్టరీ మొత్తానికి కాదు. ఏ ఓటరు రాకపోతే ఆ పనిలో ప్రమాదమో, భారీ నష్టమో జరగొచ్చో ఆ ఓటరుకి మాత్రమే. బాయిలర్ దగ్గరున్న నువ్వు అందులోకి రావచ్చు. ప్యాకింగ్‌లో, గోడౌన్‌లో, క్యాంటీన్‌లో ఉన్నవాళ్లు ఎలా వస్తారు? ఎవరెవరు తప్పనిసరో పేర్లతో జాబితా ఇమ్మనండి. జాబితా అడిగేసరికి ఆ సంఖ్య చాలా తగ్గుతుంది, మేం చూసిందే. ఆ జాబితాలో మిగిలినవాళ్లలో స్థానికంగా ఓటున్నవాళ్లు పొద్దున సగంమంది, మధ్యాహ్నం సగంమంది వెళ్లొచ్చేలా వాళ్ల బదులు పని చూసే రిలీవర్‌ని పెట్టించండి. పోలింగ్ గడువు ముగిసే వేళకి క్యూలో ఉన్నవాళ్లందరికీ ఓటు వేయనివ్వాలి. బి షిఫ్టు (రెండో షిఫ్టు) వాళ్లు అది గుర్తుంచుకోండి.

"బదులుగా ఒక ఆదివారం పని చేయండి" అంటారు. ఒప్పుకోకండి. అలాంటి బదులు పని ఆ సెక్షన్‌లో లేదు.

ప్రశ్న – ప్యాకింగ్ వర్కర్, జీడిమెట్ల

నాకు అత్తగారి ఊళ్లోనూ, ఇక్కడ కుత్బుల్లాపూర్‌లోనూ రెండు చోట్లా పేరుంది. ఎక్కడైనా వేయొచ్చా? ఓటరు కార్డు ఊళ్లో ఉండిపోయింది.

జవాబు – బూత్ స్థాయి అధికారిగా పనిచేసిన టీచర్

అమ్మా, రెండు చోట్ల పేరుండటమే చట్టం ఒప్పుకోదు. మీరు నిజంగా ఉంటున్న చోటే ఓటు వేయండి. రెండోసారి వేసే ప్రయత్నం అసలు చేయొద్దు. ఎన్నికలయ్యాక రెండో చోట పేరు తీసేయమని ఫారం 7 ఇవ్వండి. ఇల్లు మారినప్పుడల్లా, కొత్త ఓటరుగా పేరు చేర్పించే ఫారం 6 నింపడం వల్లే ఈ చిక్కు వస్తోంది. మారితే నింపాల్సింది ఫారం 8. ఈ ఎన్నికలకి కొత్త పేర్ల గడువు అయిపోయింది.

కార్డు లేకపోయినా ఫర్వాలేదు, జాబితాలో పేరుంటే చాలు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ లాంటివి ఏదైనా చూపించొచ్చు. కాంట్రాక్టర్ ఇచ్చిన గేటు ఐడీ పనికిరాదు. పేరు ఉందో లేదో 1950కి ఫోన్ చేసి ఇప్పుడే కనుక్కోండి. మీరు వెళ్లేసరికి మీ ఓటు ఇంకెవరో వేసేసి ఉంటే వెనక్కి తిరిగి రావద్దు. టెండర్ ఓటు కావాలని బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారిని అడగండి, మీరెవరో తేలితే బ్యాలెట్ కాగితం ఇస్తారు.

ప్రశ్న – కాంట్రాక్ట్ వర్కర్, పాశమైలారం

చాలా థ్యాంక్స్ అన్నా. రేపే సంతకాలు మొదలుపెడతాం. మాతో ఒడిశా బలంగీర్ వాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకి పోలింగ్ మే 20న. ఆ రోజు ఇక్కడ కంపెనీ నడుస్తుంది కదా? ఇంకోటి, ఊరికి వెళ్లడానికి ఒక పార్టీవాళ్లు బస్సు పెడతామంటున్నారు.

జవాబు – యూనియన్ కార్యదర్శి, పటాన్‌చెరు

కంపెనీ నడిచినా వాళ్లకి మే 20న సెలవూ కూలీ రావాల్సిందే. అదే ఉత్తరంలో వాళ్ల పేర్లు వేరే జాబితాగా, ఆ తేదీతో పెట్టండి. తెలుగు చదవడం రాదు కాబట్టి హిందీలో చదివి వినిపించి, అర్థమయ్యాకే సంతకం తీసుకోండి. వెళ్లొచ్చాక వేలి మీద సిరా గుర్తు ఫొటో, టికెట్టు దాచుకోమనండి.

ఆ బస్సు ఎక్కొద్దు. అభ్యర్థి తరఫున ఓటర్లకి ఉచితంగా బండి పెట్టడం ఎన్నికల చట్టం ప్రకారం అక్రమం. ఆర్టీసీలోనో రైల్లోనో మీ డబ్బుతో వెళ్లండి. డబ్బు చాలని వాళ్లుంటే ఆ జాబితా నాకివ్వు. పార్టీల ఊసు లేకుండా కార్మికులే చేబదులుగా సర్దుకునే ఏర్పాటు మేం చేస్తాం. ఎవరికి వేస్తారని మాత్రం మా సంఘంలో ఎవరూ అడగరు.