డాక్యుమెంటరీ, రేడియో ధారావాహిక అధ్యాపకుల పరిశోధన కిందికి వస్తాయా?

ప్రశ్న: అధ్యాపకురాలు, తార్నాక

నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను. కంప్యూటర్ అక్షరాలు రాకముందు ఉర్దూ పత్రికల పేజీలను చేత్తో రాసిన కాతిబులను ఛత్తాబజార్‌లోనూ చుట్టుపక్కల గల్లీల్లోనూ కలిసి, వారి పనిపద్ధతి మీద ఒక డాక్యుమెంటరీ తీశాను. అదే సామగ్రితో క్యాంపస్ రేడియోకు ఒక ధారావాహిక కూడా చేశాను. ఇప్పుడు ప్రమోషన్ దరఖాస్తు నింపుతుంటే ఈ పనిని ఏ గడిలో చూపాలో తోచడం లేదు. సినిమా ఎలాగూ ఉంది కాబట్టి దాని మీదే ఒక వ్యాసం రాసేయమని విభాగంలోని పెద్దలు అంటున్నారు. రాయడానికి అభ్యంతరం లేదు గాని, అప్పుడు సినిమా ఆ వ్యాసానికి అనుబంధంగా మిగిలిపోతుంది. నిజానికి నేను తెలుసుకున్నదంతా చిత్రీకరణ సమయంలోనే తెలుసుకున్నాను. ఇలాంటి పనిని పరిశోధనగా నిలబెట్టినవారు ఉంటే దయచేసి మార్గం చెప్పగలరు.

జవాబు: విశ్రాంత ఆచార్యుడు, విద్యానగర్

ముందుగా నిబంధన సంగతి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల పరిశోధన స్కోరు పట్టికలో భాషలు, మానవీయ, సామాజిక శాస్త్రాల వ్యాసానికి 10, జాతీయ ప్రచురణ సంస్థ వేసిన పుస్తకానికి 10, అంతర్జాతీయ సంస్థ వేసినదానికి 12, అనువదించిన పుస్తకానికి 8 పాయింట్లు ఉన్నాయి. డాక్యుమెంటరీకి, రేడియో కార్యక్రమానికి మాత్రం ప్రత్యేకంగా వరుస లేదు. సంగీతం, నాటకం, దృశ్యకళల విభాగాల్లో వృత్తి కళాకారులకు వేరే అర్హతా మార్గం ఉంది. మన శాఖ అటు కళల్లో ఒక కాలు, ఇటు సామాజిక శాస్త్రాల్లో ఒక కాలు పెట్టి ఉన్నందువల్ల ఆ వెసులుబాటు మనకు దక్కలేదు. (విద్యార్థుల చేత కెమెరా పట్టించమంటారు, గురువు కెమెరాతో చేసిన పనిని మాత్రం లెక్కించరు!)

కాబట్టి స్కోరు వరకు మీ సహోద్యోగుల మాట సరైనదే. అయితే ఆ వ్యాసం మీ సినిమా గురించి కాకూడదు. కాతిబుకు కూలి ఎలా కట్టేవారు, వార్త అందినప్పటి నుంచి పేజీ అచ్చుకు వెళ్లేవరకు పని ఎవరెవరి చేతులు మారేది, 1990లలో ఇన్‌పేజ్ అనే ఉర్దూ అక్షర కూర్పు సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ చేతులు పెళ్లి పత్రికల వైపు ఎందుకు మళ్లాయి అన్నవి తెర మీద పూర్తిగా ఇమడని ప్రశ్నలు. వాటిని వ్యాసానికి కేటాయిస్తే రెండూ స్వతంత్రంగా నిలుస్తాయి.

ఇందుకు దగ్గరి ఉదాహరణ మన నగరంలోనే ఉంది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో వినోద్ పావరాల, కంచన్ మలిక్ కమ్యూనిటీ రేడియోపై చేసిన అధ్యయనం 2007లో పుస్తకంగా వచ్చింది. 2011లో కమ్యూనిటీ మాధ్యమాల యునెస్కో పీఠం అక్కడే ఏర్పడింది. ఆ క్యాంపస్ నుంచే బోల్ హైదరాబాద్ 90.4 ఎఫ్‌ఎం ప్రసారమవుతుంది. వీటిలో ఏది దేనికి అనుబంధమని అడగడం నాకైతే అర్థం లేని పనిగా తోస్తుంది.

జవాబు: డాక్యుమెంటరీ బోధకురాలు, లింగంపల్లి

ఆచార్యుల వారి సలహాను గౌరవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. ప్రశ్నలన్నీ వ్యాసానికి అప్పగిస్తే సినిమా మళ్లీ బొమ్మల పుస్తకమే అవుతుంది. కలం మొన కోసిన వాలును బట్టి గీత మందం మారడం, పంక్తిలో చోటు చాలనప్పుడు నస్తాలీఖ్ (ఉర్దూ రాసే వాలు లిపి శైలి) అక్షరాన్ని పక్క అక్షరం మీదికి ఎక్కించడం, శీర్షిక కోసం చివరి నిమిషంలో చోటు వదలడం వంటివి కాతిబు మాటల్లో దొరకవు, చేతిలో కనిపిస్తాయి. దాన్ని పట్టుకోవడానికి కెమెరాను ఎక్కడ ఉంచాలన్నదే ఇక్కడ పరిశోధన పద్ధతి.

ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో అంజలి మాంటీరో, కె.పి. జయశంకర్ అధ్యాపకులుగా ఉంటూనే డాక్యుమెంటరీలు తీశారు, భారతీయ స్వతంత్ర డాక్యుమెంటరీపై పుస్తకమూ రాశారు. బయట ఇందుకు సమీక్షా వేదికలు కూడా ఉన్నాయి. బ్రిటన్‌లోని స్క్రీన్‌వర్క్స్ అనే ఆన్‌లైన్ పత్రిక చిత్రంతో పాటు దర్శకుడి పరిశోధన ప్రకటనను, సమీక్షకుల అభిప్రాయాలను కలిపి ప్రచురిస్తుంది. 2014లో మొదలైన ఇన్‌ట్రాన్సిషన్ అనే పత్రిక వీడియో వ్యాసాలకు దాదాపు ఇదే పద్ధతిని పాటిస్తుంది. ఏ ప్రశ్నతో బయలుదేరారు, ఏ నిర్ణయాలు ఎందుకు తీసుకున్నారు, ఇంతకుముందు తెలియనిది ఏమి తెలిసింది అన్నవి ఆ ప్రకటనలో ఉండాలి. చిత్రోత్సవ బహుమతి దీనికి సాటిరాదు, ఎందుకంటే జ్యూరీ సాధారణంగా కారణాలు రాసి ఇవ్వదు.

మరొక మాట. గుర్తింపు పొందిన పరిశోధన పత్రికల యూజీసీ-కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపివేశారు, పత్రికల నాణ్యతను నిర్ణయించుకునే బాధ్యత విద్యాసంస్థల మీద పడింది. ప్రమాణాలు ఎలాగూ రాసుకోవలసి వచ్చిన ఈ సమయంలోనే సృజనాత్మక కృషికి కూడా ప్రమాణాలు రాయమని మీ విభాగాన్ని అడగండి.

జవాబు: పరిశోధక విద్యార్థి, గచ్చిబౌలి

మేడమ్, సినిమాలో వాడని రికార్డింగుల సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. ఇంటర్వ్యూలన్నింటినీ తేదీ, స్థలం, సమయ సూచికలతో లిప్యంతరీకరించి గ్రంథాలయంలో భద్రపరిస్తే, మీ నిర్ధారణను ఇతరులు పరీక్షించగలుగుతారు. కమిటీ ముందు అది బలమైన ఆధారం అవుతుంది. అయితే సినిమాకు ఇచ్చిన అనుమతి భాండాగారానికి వర్తించదు కాబట్టి, కాతిబుల దగ్గర వారి భాషలోనే మరో అనుమతి పత్రం తీసుకోవాలి.

అధ్యాపకురాలు, తార్నాక

అందరికీ కృతజ్ఞతలు. భాండాగారం అనుమతి నేను తీసుకోలేదు, ఆ పని ముందు చేస్తాను. పరిశోధన ప్రకటనను తెలుగులో సమర్పిస్తే సెలక్షన్ కమిటీ అంగీకరిస్తుందా?

విశ్రాంత ఆచార్యుడు, విద్యానగర్

బయటి నిపుణులు తరచుగా ఇతర రాష్ట్రాల నుంచి వస్తారు కాబట్టి ఆంగ్ల ప్రతి తప్పదు. తెలుగులోనే ముందు రాసుకుని, రెండింటినీ జతచేయండి. సినిమా లంకెను మాత్రం ఫైలు చివర కాకుండా ప్రకటన మొదటి పేజీలోనే ఇవ్వండి, చివరిదాకా తిరగేసే సభ్యులు తక్కువ.