రాత్రి సెయిలింగ్‌కి ఎర్ర లైటున్న హెడ్‌ల్యాంప్: ఏం చూసి కొనాలి?

సోలెంట్_గాలి:
అందరికీ నమస్తే. నేను సౌతాంప్టన్ దగ్గర ఉంటాను, వారాంతాల్లో సోలెంట్ జలసంధిలో సెయిలింగ్ నేర్చుకుంటున్నాను. బ్రిటన్ సెయిలింగ్ సంఘం ఆర్‌వైఏ వాళ్ల డే స్కిప్పర్ ప్రాక్టికల్ కోర్సుకి వెళ్లాలంటే ముందే 5 రోజులు, 100 మైళ్లు, 4 గంటల రాత్రి ప్రయాణం చేసి ఉండాలి కదా, ఆ రాత్రి గంటలు కూడా కలిసొస్తాయని వచ్చే నెల తెలిసినవాళ్ల యాట్‌లో (తెరచాప పడవలో) ఫ్రాన్స్ వైపు షెర్బూర్ దాకా వెళ్తున్నాం. సోలెంట్ పడమటి చివరి నీడిల్స్ రాళ్లు దాటాక సుమారు 60 నాటికల్ మైళ్లు, సాయంత్రం బయల్దేరితే రాత్రంతా నీళ్ల మీదే. స్కిప్పర్ పంపిన సామాన్ల లిస్టులో "ఎర్ర లైటున్న హెడ్‌ల్యాంప్" అని ఒక్క ముక్క ఉంది, అంతే.

ఆన్‌లైన్‌లో చూస్తే అన్నీ 400 ల్యూమెన్లు, 600 ల్యూమెన్లు అంటూ తెల్ల లైటు ప్రకాశం గురించే చెబుతున్నారు, ఎరుపు గురించి చివర్లో ఒక లైను. నీళ్లకి తట్టుకునే రేటింగ్ ఐపీఎక్స్4 సరిపోతుందా, ఐపీఎక్స్8 కావాలా? సెల్స్ వేసేదా, చార్జింగ్‌దా? ఇంట్లో ట్రెకింగ్‌కి కొన్నది ఒకటి ఉంది. నొక్కగానే తెల్ల లైటు వస్తుంది, ఇంకో మూడుసార్లు నొక్కితే ఎరుపుకి వెళ్తుంది. దాంతో నడిపించెయ్యొచ్చా? మొదటి రాత్రి ప్రయాణం, కొంచెం టెన్షన్‌గా ఉంది.

వైజాగ్_వాచ్:
ఇంట్లో ఉన్నది తీసుకెళ్లొద్దు తమ్ముడూ. కారణం నువ్వే రాశావు, నొక్కగానే తెల్ల లైటు వస్తుందని.

మన కంట్లో మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే. ఆ కణాల్లో రొడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది, గట్టి వెలుతురు పడితే అది విడిపోతుంది, మళ్లీ తయారు కావడానికే ఆ అరగంట. అది బాగా పట్టుకునేది 500 నానోమీటర్ల దగ్గరి వెలుతురుని, అంటే నీలానికీ ఆకుపచ్చకీ మధ్య రంగు. 630 దాటిన ఎరుపుకి చాలా తక్కువగా స్పందిస్తుంది. ఎర్ర లైటు పెట్టుకోమనేది అందుకే. నువ్వు బటన్ వెతుక్కుంటూ రెండు సెకన్లు తెల్ల లైటు వేశావంటే నీ ఒక్కడి చూపే కాదు, ఎదురుగా చుక్కాని పట్టుకున్న మనిషి చూపు కూడా పోతుంది. మీరు వెళ్లే దారికి అడ్డంగా తూర్పు పడమరలుగా పెద్ద ఓడలు వరసగా వెళ్తుంటాయి. వాటి ఎర్ర, ఆకుపచ్చ పక్క లైట్లు, మీదుండే రెండు తెల్ల లైట్లు చూసి అది ఎటు పోతోందో తేల్చుకోవాల్సిన చోట ఎవరికీ చూపు పోకూడదు.

నేను మర్చంట్ నేవీలో చేశాను. ఓడ సిబ్బంది శిక్షణకీ డ్యూటీకీ ఉన్న అంతర్జాతీయ ఎస్‌టీసీడబ్ల్యూ నిబంధనల్లోనే ఉంది, కొత్తగా వాచ్‌కి (కాపలా డ్యూటీకి) వచ్చిన ఆఫీసరు తన చూపు ఆ చీకటికి పూర్తిగా అలవాటు పడేదాకా వాచ్ తీసుకోకూడదు. అక్కడ అంత పట్టింపు ఉన్న విషయాన్ని చిన్న యాట్‌లో తేలిగ్గా తీసుకోవడం నాకు నచ్చదు.

కాబట్టి ల్యూమెన్ల అంకె పక్కన పెట్టు. ఆపి ఉన్న ల్యాంప్ నేరుగా ఎరుపులో వెలుగుతుందా లేదా, మొదట అది చూడు. ఎరుపుకి వేరే బటన్ ఉంటే అన్నిటికన్నా మంచిది, లేకపోతే చివరిసారి ఏ రంగులో ఆపామో ఆ రంగులోనే మళ్లీ వెలిగేదైనా సరే. తర్వాత ఆ ఎరుపు ఎంత తగ్గుతుందో చూడు. ఎరుపైతే చాలనుకుంటారు చాలామంది, మరీ ప్రకాశంగా ఉంటే ఎర్ర లైటు కూడా చూపు చెడగొడుతుంది. ఒకటి రెండు ల్యూమెన్లు ధారాళంగా చాలు. కొన్నాక ఇంట్లో లైట్లన్నీ ఆపేసి అరగంట కూర్చుని అప్పుడు వెలిగించి చూడు, షాపు వెలుతురులో ఏమీ తెలియదు.

ఉప్పునీళ్లు:
పైన అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, నేను వస్తువు సంగతి చెబుతాను. ఐపీఎక్స్4 అంటే నలువైపులా చిందే నీళ్లకి తట్టుకుంటుంది, అంతవరకే. కొండలెక్కేవాళ్లకి అది చాలు. పడవ ముందుభాగంలో తెరచాప మారుస్తుంటే అల నేరుగా తల మీద పడుతుంది, అక్కడ కనీసం ఐపీఎక్స్7 ఉండాలి, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోనిది. పెట్జల్, బ్లాక్ డైమండ్ రెండిటిలోనూ ఎర్ర లైటున్న మోడళ్లు ఉన్నాయి కానీ ఒకే కంపెనీలోనే ఒక్కో మోడల్‌కి ఒక్కో రేటింగ్ ఉంటుంది, కాబట్టి కంపెనీ పేరు చూసి కాకుండా డబ్బా మీది అంకె చదివి కొనండి. ఇంకోటి, ఆ పరీక్షలన్నీ మంచినీళ్లతో చేసేవి. ఉప్పునీరు ఒక్క చుక్క లోపలికి పోయినా సెల్స్ తగిలే ఇత్తడి ముక్కలు పచ్చబడిపోతాయి. ప్రయాణం అయ్యాక మూత గట్టిగా పెట్టి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, మూత దగ్గరి రబ్బరు రింగుకి కాస్త సిలికాన్ గ్రీజు రాస్తే ఏళ్లు వస్తుంది.

చార్జింగా సెల్సా అంటే నా ఓటు రెండూ పట్టేదానికి. చార్జింగ్ పోర్టు తడిగా ఉన్నప్పుడు కేబుల్ గుచ్చితే పిన్నులు తుప్పు పడతాయి, రాత్రి రెండింటికి చార్జి అయిపోతే జేబులోంచి మూడు ట్రిపుల్ ఏ సెల్స్ తీసి వేసుకోవడం ఎంతో హాయి. లిథియం సెల్స్ కొనండి, ఆల్కలైన్‌వి లోపల కారిపోతాయి.

అయస్కాంతం ఉన్న ల్యాంప్ మాత్రం వద్దు. కొన్నిటికి ఇనుప రాడ్డుకి అతుక్కునేలా వెనక అయస్కాంతం పెడతారు, ఇంకొన్నిటికి చార్జింగ్ కేబులే అయస్కాంతంతో పట్టుకుంటుంది. అది తలకి కట్టుకుని కంపాస్ మీదికి వంగి చూశారంటే ముల్లు పక్కకి తిరుగుతుంది, దాన్ని నమ్ముకుని చుక్కాని తిప్పుతారు.

చార్టు_పిచ్చి:
ఒక్క విషయంలో నేను విభేదిస్తాను. ఎరుపు డెక్ మీదికి బాగానే ఉంటుంది, చార్టు (సముద్రపు మ్యాపు) చదవడానికి మాత్రం అది చెడ్డ లైటు. ఎర్ర పెన్సిల్‌తో గీసిన గీత ఎర్ర వెలుతురులో మాయమైపోతుంది. బ్రిటన్ వాళ్ల అడ్మిరల్టీ చార్టుల్లో నేల లేత పసుపు, లోతైన నీళ్లు తెలుపు, ఎరుపు కింద రెండూ ఒకేలా కనిపిస్తాయి. చార్టు దగ్గర నేనైతే బాగా తగ్గించిన తెల్ల లైటే వాడతాను, అదీ కింద క్యాబిన్‌లో, పైకి వెలుతురు పోకుండా. చూపు కొంత తగ్గుతుంది నిజమే, కానీ ఏది నేలో ఏది నీళ్లో తప్పుగా చదవడం కన్నా అది నయం. అందుకే తెల్ల లైటు కూడా కనిష్ఠానికి తగ్గేదే కొనాలి, 600కి వెళ్తుందా అన్నది కాదు, 5కి దిగుతుందా అన్నది అడగండి.

నలభై దాటినవాళ్లకి ఇంకో ఇబ్బంది. ఎర్ర వెలుతురుని కన్ను కొంచెం వెనకగా ఫోకస్ చేస్తుంది, దగ్గరి చూపు తగ్గినవాళ్లకి అక్షరాలు మరింత అలుక్కుపోతాయి. రీడింగ్ గ్లాసెస్ జేబులో ఉండాల్సిందే. మీ సిబ్బందిలో ఎవరికైనా ఎరుపు సరిగా కనిపించని వర్ణాంధత్వం ఉంటే వాళ్లకి ఈ లైటు చాలా మసకగా అనిపిస్తుంది, పెంచుకుంటూ పోతారు, మిగతావాళ్లకి కష్టం. వాళ్లకి తగ్గించిన తెలుపే ఇవ్వండి.

సోలెంట్_గాలి:
చాలా థ్యాంక్స్ అండి అందరికీ. చార్టు సంగతి అసలు నా ఆలోచనలోనే లేదు. ఆకుపచ్చ లైటున్నవి కూడా కనిపిస్తున్నాయి, వాటితో చార్టు బాగా కనిపిస్తుందని రాశారు. అది నయమా? ఇంకా, బలమైన తెల్ల లైటు అసలు అక్కర్లేదా?

వైజాగ్_వాచ్:
ఆకుపచ్చ వద్దు. నేను పైన చెప్పిన ఆ 500 నానోమీటర్లకి దగ్గరిది అది, తక్కువ వెలుతురుతోనే పని జరుగుతుంది నిజమే కానీ ఏమాత్రం ఎక్కువైనా రాడ్ కణాలు దెబ్బతినేది దాంతోనే.

బలమైన తెలుపు కావాలి, తప్పకుండా కావాలి. మనిషి నీళ్లలో పడితే లైఫ్ జాకెట్ మీది రిఫ్లెక్టివ్ టేపు మెరిసేది దాంతోనే, ఎదుటి పడవ మనల్ని చూడలేదనిపిస్తే మన తెరచాప మీదికి వేసేదీ అదే. ఓడలు ఢీకొనకుండా పెట్టిన అంతర్జాతీయ నియమాలు, 1972 కోల్‌రెగ్స్‌లో 25వ రూలు ప్రకారం 7 మీటర్లలోపు తెరచాప పడవ నావిగేషన్ లైట్లు పెట్టలేకపోతే కనీసం తెల్ల టార్చి చేతికి అందేలా ఉంచుకోవాలి. మీది పెద్దదైనా అలవాటు మంచిదే. కాకపోతే ఆ బలమైనది హెడ్‌ల్యాంప్‌లో కాకుండా కాక్‌పిట్‌లో (చుక్కాని పట్టుకుని కూర్చునే చోట) వేరే చేతి టార్చిగా ఉంటే నాకు నిశ్చింత. తల మీద ఉన్నది పొరపాటున వెలుగుతుంది, చేతిలోది మనం అనుకుంటేనే వెలుగుతుంది.

అదే కోల్‌రెగ్స్ 20వ రూలు ఇంకోటి చెబుతుంది, నావిగేషన్ లైట్లతో పొరబడేలా వేరే లైట్లు చూపించకూడదు. ఎడమ పక్క లైటు ఎరుపే కదా, నీ నుదుటి మీది ఎరుపు పడవ బయటికి చూపిస్తే దూరం నుంచి చూసేవాడికి అదీ ఎరుపే. అందుకని తల పైకెత్తి చూసేటప్పుడు ఆపెయ్యి, పని చేసేటప్పుడు మాత్రం కిందికి వంచి వెలిగించుకో.

ఉప్పునీళ్లు:
దానికి నా పద్ధతి ఏంటంటే నుదుటికి కట్టుకోను, మెడలో దండలా వేసుకుంటాను. మనం ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు తల వాళ్లవైపే తిరుగుతుంది, నుదుటి లైటు నేరుగా వాళ్ల కళ్లలో పడుతుంది. మెడలో ఉంటే చేతుల మీదా వించ్ (తాళ్లు బిగించే చక్రం) మీదా పడుతుంది, కావాల్సింది అక్కడే. లాక్ ఉన్న మోడల్ తీసుకోండి, బ్యాగులో నొక్కుకుని వెలిగి బ్యాటరీ అయిపోదు. చీకటి పడకముందే అందరూ ల్యాంపులు ఎరుపులో పెట్టుకున్నారో లేదో స్కిప్పర్‌తో ఒకసారి చూసుకోమని చెప్పండి, చేతి గ్లౌజు వేసుకుని ఆ బటన్ దొరుకుతుందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.