తేయాకు మొక్కకు నత్రజని తగ్గితే జన్యువులు మారతాయా?

ప్రశ్న (విద్యార్థిని, మిర్యాలగూడ)

నల్లగొండలో ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదువుతున్నాను. సెమినార్‌కు తేయాకు మొక్క, నత్రజని అనే అంశం ఎంచుకున్నాను. మా ఇంట్లో వరి తప్ప వేరే పంట తెలియదు. యూరియా చల్లిన వారానికల్లా మడి ముదురు పచ్చగా తిరగడం చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. తేయాకులో నత్రజని తగ్గితే కొన్ని జన్యువులు పెరుగుతాయని, కొన్ని తగ్గుతాయని చదివి తికమకపడ్డాను. ఎరువు మారితే జన్యువులు మారతాయా? పైగా మొక్క ఆకలితో ఉన్నప్పుడు ఆకులో కాటెకిన్లు (చాయ్‌కి వగరునిచ్చే పదార్థాలు) ఎక్కువ కావడమేమిటి?

జవాబు (అధ్యాపకుడు, మహబూబ్‌నగర్)

జన్యువులు మారవమ్మా, వాటి వాడకం మారుతుంది. డీఎన్‌ఏ అదే ఉంటుంది; ఏ జన్యువు నుంచి ఎంత ఆర్‌ఎన్‌ఏ తయారవుతోందన్నదే హెచ్చుతగ్గులవుతుంది.

తేయాకు ఆమ్ల నేలల మొక్క, పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉంటే దానికి హాయి. నేలలోని నత్రజని రూపాల్లో నైట్రేట్ కంటే అమ్మోనియాన్నే ఎక్కువగా ఇష్టపడుతుంది. వేరులోకి అమ్మోనియాన్ని చేరవేసేవి ఏఎంటీ కుటుంబపు ప్రోటీన్లు, నైట్రేట్‌ను చేరవేసేవి ఎన్‌ఆర్‌టీ కుటుంబపువి. లోపలికి చేరిన అమ్మోనియం గ్లుటమిన్, గ్లుటమేట్ అనే నత్రజని ఉండే అమైనో ఆమ్లాలుగా మారేవరకు వరికీ దీనికీ పెద్ద తేడా లేదు. అసలు విశేషం ఆ తరువాతే ఉంది: తేయాకు వేరులో అలనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఇథైలమిన్ పుడుతుంది, అది గ్లుటమేట్‌తో కలిసి థియనిన్ అనే మరో అమైనో ఆమ్లం అవుతుంది, ఆ థియనిన్ దారువు (నీటిని పైకి మోసే కణజాలం) గుండా చిగుళ్లకు ఎక్కుతుంది. అమ్మోనియం పుష్కలంగా దొరికినప్పుడు మొక్క నింపుకునే గరిసె ఇదే. 1949లో జపాన్‌లో దీన్ని తేయాకు నుంచే వేరుచేశారు.

ఇక కాటెకిన్ల సంగతి. వాటి అణువులో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ తప్ప నత్రజని అణుమాత్రం లేదు. నత్రజని కరువైనా ఎండ ఉన్నంతవరకు ఆకు చక్కెరలు చేస్తూనే ఉంటుంది, వాటిని అమైనో ఆమ్లాలుగా మార్చే వీలు మాత్రం తగ్గిపోతుంది, అందువల్ల మిగిలిన కార్బన్ కాటెకిన్లు చేరే ఫ్లేవనాయిడ్ల కుటుంబం వైపు మళ్లుతుంది. ఆ దారికి ముఖద్వారమైన ఎంజైము ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి అమ్మోనియాను ఊడదీస్తుంది కాబట్టి ఆ నత్రజని కూడా మళ్లీ వాడకానికి వస్తుంది. ఇంత పొదుపరి మొక్కను ఆకలితో ఉన్నదని జాలిపడనక్కరలేదు. చాయ్‌లో వగరు కాటెకిన్లది, తీయని కమ్మదనం థియనిన్‌ది. పాలు, చక్కెర పోసి మరిగించే మన చాయ్‌లో ఆ తేడా తెలియదనుకోండి.

జవాబు (రైతు, హాలియా)

సార్ చెప్పినదానికి పొలం మాట ఒకటి కలుపుతాను. నీళ్లు నిలిచిన మడి మట్టిలో గాలి ఆడదు కాబట్టి యూరియా నుంచి వచ్చిన అమ్మోనియం చాలావరకు అలాగే ఉంటుంది, అంటే వరి కూడా ప్రధానంగా అమ్మోనియం తినే పంటే. అదే యూరియా ఎర్ర చెలకలో పత్తికి వేస్తే త్వరగానే నైట్రేట్ అవుతుంది. అందుకని వరినీ తేయాకునూ పక్కపక్కన పెట్టి చూపించమ్మా, సెమినార్‌లో వినేవాళ్లకు సులువుగా అందుతుంది.

ప్రశ్న వేసిన విద్యార్థిని

చాలా సంతోషం సార్, అన్నా. అయితే ఆకు నమూనా ఒక్కటి పరీక్షిస్తే సరిపోతుందా?

జవాబు (అధ్యాపకుడు, మహబూబ్‌నగర్)

సరిపోదు. థియనిన్ తయారయ్యేది ప్రధానంగా వేరులో, కాటెకిన్లు నిండేది చిగురులో. నత్రజని ఆపిన కొన్ని గంటలకు కనిపించే మార్పు ఒకటి, కొన్ని వారాల తరువాత కనిపించేది మరొకటి. పట్టికలో ప్రతి ఫలితం పక్కన ఏ భాగం, ఎన్ని గంటలు, అమ్మోనియమా నైట్రేటా అన్న మూడు వివరాలూ రాసుకో.